అత్తమ్మ, అమ్మ, నాటకంలోని సుభద్రమ్మ

మా అత్తమ్మ పోయిందన్న కబురు నాకు వికారాబాదులో అందింది. అమ్మ దగ్గర నాలుగు రోజులుండి వద్దామని పిల్లను వెంటబెట్టుకుని వెళ్లాను. మరునాడే మా మరిది తాండూరు నుంచి పొద్దుటి బండికి వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు. గడప అవతలే నిలబడి, "వదినె, అమ్మ వోయింది. రాత్రి మంచిగనే తిన్నది. తెల్లారి లేపితే లేవలే," అన్నాడు. నాకు ఏడుపు రాలేదు. పిల్ల జడ సగం అల్లి ఉంది, అది పూర్తి చేస్తూ కూర్చున్నాను. అమ్మ లోపల్నుంచి వచ్చి సంగతి విని, "మళ్ల తాండూరు బండెప్పుడు?" అని మాత్రం అడిగింది. మేమెక్కిన బండి ధారూరు దాటేదాకా మా అమ్మ నోట ఇంకో మాట రాలేదు.

పత్రికల్లో రాయదగ్గంత పెద్ద మనిషి కాదు మా అత్తమ్మ. ఇళ్లలో పరిచే తాండూరు బండల వ్యాపారం చేసే ఇంటి ఇల్లాలు. చదువు లేదు. కానీ రేడియో నాటకాల మీద, అందులో మనుషుల మీద ఆమెకున్నన్ని అభిప్రాయాలు నేను మరెవరి దగ్గరా చూడలేదు. ఊళ్లో రాజకీయాల గురించి మగవాళ్లు ఎంత గట్టిగా మాట్లాడుకునేవాళ్లో, ఆమె నాటకాల గురించి అంత గట్టిగా మాట్లాడేది. అందుకే రాస్తున్నాను.

రేడియో అంటే ఆమెకు మొదట భయం. నలభై ఎనిమిదిలో మా ఇంట్లో రేడియో లేదు. మామయ్య స్నేహితుడొక సేటు ఇంట్లో ఉండేది. ఆ రజాకార్ల గడబిడ రోజుల్లో మగవాళ్లంతా ఆ పెట్టె చుట్టూ చేరితే, ఆడవాళ్లు తలుపు వెనక నిలబడి వాళ్ల ముఖాలు చూసేవాళ్లట. "అండ్ల ఏం మాట్లాడుతున్నరో మాకు సమజు కాకపోయేది. ఊర్ల ఉండాల్నా, మూటలు గట్టుకోని పోవాల్నా అని మీ మామ మొకం దిక్కు సూసేటోళ్లం," అని చెప్పేది. ఆ భయం ఆమెను వదల్లేదు. తరవాత ఎన్నో ఏళ్లకు మా ఇంటికి రేడియో వచ్చినా, మీట తిప్పే ముందు పెట్టె మీద చెయ్యి వేసి, "మంచి మాటనే జెప్పు తల్లీ," అనకుండా ఉండేది కాదు. పాటలు వినడానికైనా సరే, ఆ మాట అనాల్సిందే.

నేను కోడలిగా వచ్చేసరికి ఆమె నాటకాల్లో మునిగి ఉంది. ప్రతి బుధవారం సాయంత్రం ఒక ధారావాహిక నాటకం వచ్చేది. ఆ రోజు పొయ్యి పని ముందే ముగించేది. చాటలో కందులు పోసుకుని, కళ్లు మూసుకుని, చేతులతో రాళ్లు ఏరుతూ వినేది. కళ్లు మూసుకుంటే రాళ్లెలా కనబడతాయని అడిగితే, "యేళ్లకు కండ్లున్నయి తియ్యి," అనేది. మొహం చూస్తే మోసపోతాం, గొంతు వింటే మనిషి తెలుస్తుందని ఆమె సిద్ధాంతం. వీధిలో ఆడవాళ్లు ఐదారుగురు వచ్చి గోడవారగా కూర్చునేవాళ్లు. నాటకం అయ్యాక అసలు నాటకం మొదలయ్యేది. అత్తమ్మ ఒక్కొక్కరి నడత తీసి తీర్పు చెప్పేది.

నేను చెప్పబోయే నాటకంలో సరోజ అని ఒక పిల్ల. దాని తల్లి పార్వతమ్మ, నాలుగిళ్లలో వంట చేసి కూతుర్ని పెంచింది. సరోజ అత్తగారు సుభద్రమ్మ. కోడలికి చల్ది అన్నం పెట్టడం, పుట్టింటికి పంపకపోవడం, మాటకు ముందు మెటికలు విరవడం ఆవిడ పని. సరోజ భర్త పేరు, మా మామయ్య పేరు ఒకటే. పెనిమిటి పేరు నోటితో పలకకూడదు కాబట్టి అత్తమ్మ ఆ మనిషిని "సరోజ ఇంటాయన" అనేది. మామగారి పేరు కనుక నేనూ అనలేను. అతను ఒక వారం తల్లి మాట విని భార్యను కసిరితే అత్తమ్మ మొహం కందగడ్డ అయింది. "గసొంటి పేరు వెట్టుకోని గిట్ల జేస్తడా?" అంది. పడక్కుర్చీలో ఉన్న మామయ్య, తానేదో తప్పు చేసినట్టు లేచి బయటికి వెళ్లిపోయాడు.

సుభద్రమ్మ అంటే మాత్రం ఆమెకు ఒళ్లు మంట. ఆవిడ గొంతు వినబడగానే చాట చరచడం మొదలయ్యేది. "అత్తజాతికే మచ్చ దెచ్చింది ముండ. దీన్ని ఇని లోకమంత మనల్ని గిట్లనే అనుకుంటది. పైంగ అన్నిటికి 'అండీ, అండీ' అంటది. కోపమొస్తె గూడ అండీనే!" అని పళ్లు నూరేది. నాటకంలో సుభద్రమ్మ సరోజకు పాలు లేవందంటే చాలు, అత్తమ్మ ఉన్నపళాన లేచి నాకు గ్లాసెడు పాలు తెచ్చి ఇచ్చేది. తాగేదాకా ఎదురుగా నిలబడేది. సుభద్రమ్మ దుర్మార్గం వల్ల నేను బాగా ఒళ్లు చేశాను.

అయితే నేను చెప్పాలనుకున్నది ఆ నవ్వుల సంగతి కాదు.

మా పెద్దది కడుపులో ఉన్న ఏడాది అది. అంతకు ముందు ఒకసారి కడుపు నిలవలేదు. ఈసారైనా నిలబడుతుందా అని ఇంటిల్లిపాదికీ గుబులే. మా ఆయన బండల వ్యాపారం మీద ఊళ్లు పట్టుకు తిరుగుతున్నాడు. అదే సమయంలో మా అమ్మకు ఛాతీ జబ్బు, అదే క్షయ, వచ్చింది. వికారాబాదులో గుట్ట మీది దవాఖానాలో చేర్చారు. ఆ రోజుల్లో ఆ గుట్ట ఎక్కినవాళ్లు దిగుతారన్న నమ్మకం చాలామందికి ఉండేది కాదు. కడుపుతో ఉన్నదాన్ని ఆ వార్డు గడప తొక్కనివ్వరు. మా అన్న ఆదివారం ఆదివారం బండెక్కి తాండూరు వచ్చి, "మంచిగనే ఉన్నది," అని చెప్పి పోయేవాడు. వారమంతా నేను ఆ ఒక్క మాట మీద బతికేదాన్ని.

అప్పుడే నాటకంలో పార్వతమ్మకు దగ్గు పట్టుకుంది. మొదట ఒక వారం చిన్నగా దగ్గింది. తరవాతి వారం మాట మధ్యలో దగ్గింది. ఆ పై వారం ఆమెను దవాఖానాకు తీసుకుపోతుండగా నాటకం ఆగిపోయింది. గోడవారగా కూర్చున్న ఆడవాళ్లు నా వైపు చూసి తల దించుకున్నారు. అత్తమ్మ టక్కున మీట తిప్పేసి, "ఇగ నువ్వు గీ నాటకం ఇనేది లేదు. వశపడని మాటలు కడుపుల బిడ్డకు మంచిది గాదు. నేనిని నీకు జెప్త," అంది.

మరుసటి బుధవారం నన్ను వెనకింటికి పంపారు. దీపాలు పెట్టే వేళకు తిరిగి వస్తే అత్తమ్మ తల తడిగా ఉంది. పొద్దున కట్టుకున్న చీర అప్పుడే పిండి దండెం మీద ఆరేసి ఉంది, నీళ్లు కారుతున్నాయి. చలికాలం. వారం తలంటు రోజు కాదు, పండగ కాదు.

"గీ యాళ తానమేంది అత్తమ్మా?"

"చెమట వట్టింది," అంది, నా మొహం చూడకుండా.

పార్వతమ్మకు ఎట్లుంది అని అడిగితే, "మంచిగైంది. లేసి కూసున్నది. గంజి గూడ తాగింది," అని గబగబా చెప్పి లోపలికి వెళ్లిపోయింది. పక్కగదిలో మామయ్యతో గుసగుసగా ఏదో అంటోంది. నేను వెళ్లేసరికి ఇద్దరూ ఆగిపోయారు.

పాఠకులకు ఒక సంగతి చెప్పాలి. మా వైపు చావు కబురు చెవిన పడితే తలస్నానం చెయ్యకుండా పొయ్యి దగ్గరికి వెళ్లరు. కడుపుతో ఉన్న మనిషికి అయినవాళ్ల చావు కబురు చెప్పరు. మా వీధిలోనే ఒకామెకు తండ్రి పోయిన సంగతి పురుడయ్యేదాకా దాచారు. ఊరంతా తెలుసు, ఆమెకు తప్ప. పురిటి మంచం మీద నుంచి లేచాక చెప్పారు. తండ్రికి ఇవ్వమని ఆమె అన్నాళ్లూ పంపిన నెయ్యి, జొన్నరొట్టెలు ఎవరు తిన్నారో తెలియదు. ఆమె ఏడ్చిన ఏడుపు నేను విన్నాను.

ఆ రాత్రి నాకు కంటి మీద కునుకు లేదు. తడి తల, పిండిన చీర, ఆగిపోయిన గుసగుసలు. ఆదివారం వస్తే అన్న వస్తాడు, అడుగుదామని ప్రాణాలు ఉగ్గబట్టుకున్నాను. ఆదివారం వచ్చింది, అన్న రాలేదు. సాయంత్రం బండి కూత వినబడి, ఆ తరవాత చాలాసేపు వాకిట్లోనే నిలబడ్డాను. బావి దగ్గరికి వెళ్తే ఆడవాళ్లు మాటలు ఆపేశారు. ఒకామె నా పొట్ట వైపు చూసి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఇంకేం కావాలి? మా అమ్మ పోయిందని నాకు తేలిపోయింది. కాల్చేశారు, దినాలు కూడా నడుస్తున్నాయి, నేనిక్కడ నెయ్యి వేసుకుని అన్నం తింటున్నాను అనుకున్నాను.

ఆ నెయ్యి అన్నం ఇక గొంతు దిగలేదు. రెండు పూటలు చూసి అత్తమ్మ కంచం ముందు చతికిలబడింది.

"తింటలేవేంది బిడ్డా? మంత్రసాని ఏం జెప్పింది? తినకపోతె ఎట్లనే?"

"మా అమ్మ పోయింది గదా అత్తమ్మా," అన్నాను. "నాకు జెప్పకుంట దాస్తున్నరు."

ఆమె నుదురు కొట్టుకుంది. "అయ్యో నా బుద్ధి మన్నువడ! పోయింది మీ అమ్మ గాదే పిల్లా. పార్వతమ్మ!"

"నాటకంల మనిషి పోతె ఎవలన్న తానం జేస్తరా?"

"పేరు వెట్టి పోయిందని జెప్పిన్రు. ఏడుపులు గూడ ఇనవడ్డయి. ఇన్నంక తానం జెయ్యకుంట పొయ్యికాడికి ఎట్ల వోతరే? నాటకమని నాకు తెల్వదా? తెలుసు. గని మనసొప్పలే."

మామూలు రోజుల్లో అయితే ఆ మాటకు నేను పడీ పడీ నవ్వేదాన్ని. ఆ రోజు నమ్మలేదు. మొన్న పార్వతమ్మ గంజి తాగిందన్న నోటితోనే ఇవాళ పోయిందంటోంది. ఏది అబద్ధం? ఆమె వీధిలో ఆడవాళ్లను పిలిపించి చెప్పించింది. వాళ్లంతా, "నిజమే అక్కా, పార్వతమ్మనే పోయింది. నీకు జెప్పొద్దన్నదని ఊకున్నం," అన్నారు. అందరూ కూడబలుక్కున్నారనుకున్నాను. ఆమె రేడియో మీద చెయ్యి పెట్టి ఒట్టు వేసింది. మామయ్య, "మీ అమ్మ బతికే ఉన్నది బిడ్డా," అన్నాడు. కడుపుతో ఉన్నదానికి మామగారు అంతకంటే వేరే ఏం చెబుతాడు? దాచాలనుకున్నవాళ్లు కూడా సరిగ్గా అవే మాటలు చెబుతారు కదా. ఆ రాత్రి పొట్టలో సన్నగా నొప్పి మొదలైంది. మంత్రసాని వచ్చి చూసి, మనసు కుదుటపడకపోతే తానేం చెప్పలేనంది.

తెల్లవారి లేచేసరికి అత్తమ్మ ఇంట్లో లేదు. ఒంటరిగా ఎన్నడూ రైలెక్కని మనిషి వికారాబాదు బండెక్కిందని మామయ్య చెప్పాడు. తాను తోడు వస్తానంటే, "నువ్వు పిల్ల కాడుండు," అందట. నాకు ఆశ కలగలేదు. పోయి, తిరిగి వచ్చి, ఉన్నదనే చెబుతుంది. ఇంకేం చెబుతుంది? ఆ పగలు ఎంత పొడుగ్గా గడిచిందో చెప్పలేను. పక్కమీద పడుకుని పొట్ట మీద చెయ్యి వేసుకుని, బిడ్డ కదిలినప్పుడల్లా ఊపిరి తీసుకున్నాను.

సాయంత్రం బండికి వచ్చింది. దుమ్ము కాళ్లతోనే వచ్చి నా మంచం పక్కన కూలబడి చెప్పులు అటొకటి ఇటొకటి విసిరేసింది. ఓదారుస్తుందనుకున్నాను. ఆమె కోపంతో వణికిపోతోంది.

"ఇగ మీ అమ్మతోని నేను మాట్లాడ. మల్ల ఆ గుట్ట మొకం జూడ. బతికున్నన్ని దినాలు మాట్లాడ!"

"ఏమైంది అత్తమ్మా?"

"ఏమైందా? ఆ దవాఖానల గూడ రేడియో ఉన్నదట. మంచాల మీద పండుకోని అందరు గీ నాటకమే ఇంటరట. పార్వతమ్మ పోయిందని నేను బాధపడుకుంట జెప్తే మీ అమ్మ ఏమంటది? 'నాటకాలల్ల దగ్గిన మనిషినల్ల సంపుడేనా వదినె? దగ్గినోళ్లంత సావాల్నా? గీ వార్డుల దగ్గనోళ్లెవరు?' అని నామీదికే వస్తది. సరె, గది ఇడిసిపెట్టు. గా సుభద్రమ్మ ముండను నాలుగు తిడ్తనని నేను నోరు దెరిస్తే, 'అట్ల అనకు వదినె, ఆమెది కోపం గాదు, భయం' అంటది! కొడుకు చేతుల్నుంచి జారిపోతడేమోనని భయపడుతున్నదట. పాపమట! సుభద్రమ్మ పాపమట! కోడలికి చల్ది వెట్టిందాన్ని మీ అమ్మ పాపమంటది. నర్సమ్మ వచ్చి గట్టిగ మాట్లాడొద్దనేదాంక కొట్లాడినం."

ఆమె ఇంకా ఏదో అంటూనే ఉంది. నేను లేచి కూర్చున్నాను.

కోపం కాదు, భయం. మా అమ్మ లోకంలో ప్రతి ఒక్కరి గురించీ అదే అంటుంది. మా నాన్న అరిస్తే అదే అనేది, నన్ను కొట్టిన పంతులుగారి గురించి అదే అనేది, వీధిలో మొరిగే కుక్కను చూసి కూడా అదే అనేది. ఆ మాట మా ఇంటి గోడలు దాటి తాండూరు దాకా ఎప్పుడూ రాలేదు. పోనీ అత్తమ్మ ఎలాగో ఊహించి కల్పించిందనుకుందామా? నా ప్రాణం నిలబెట్టడానికి ఆమె వెయ్యి అబద్ధాలు ఆడగలదు. కానీ సుభద్రమ్మ పాపం అనే మాట ఆమె నోట్లో పుట్టదు. పుట్టడానికి ఆమె చావాలి. ఎవరో ఆమె మొహం మీదే అంటేనే ఆమెకింత కోపం వస్తుంది. అన్నది మా అమ్మ. ఈ రోజు పొద్దున, తన గొంతుతో, గుట్ట మీద కూర్చుని అంది.

నేను ఏడ్చిన ఏడుపుకు అత్తమ్మ బెదిరిపోయింది. "ఏమైందే? నేనేమన్ననే? మీ అమ్మను ఒక మాటన్న తప్పేనా?" అంటూ నా వీపు నిమిరింది. ఆకలేస్తోందని చెప్పాను. ఆమె అప్పటికప్పుడు దవాఖానా మైల పోయేలా స్నానం చేసి, పొయ్యి రాజేసి, వేడి అన్నం వండింది. వడ్డిస్తున్నంతసేపూ సుభద్రమ్మను తిడుతూనే ఉంది. అన్నకు జ్వరం వచ్చి రాలేకపోయాడని కూడా అప్పుడే, తిట్ల మధ్యలో చెప్పింది. ఆ పూట నేను తిన్న అన్నం రుచి ఇప్పటికీ నోట్లో ఉంది.

నెలలు నిండాక ఆడపిల్ల పుట్టింది. ఆ తరవాత కొంతకాలానికి అమ్మ గుట్ట దిగింది. ఇక మాట్లాడనన్న అత్తమ్మే స్టేషన్‌కు ఎదురువెళ్లింది. ఇద్దరూ ఇంటికి చేరకముందే దారిలో సుభద్రమ్మ గురించి మొదలుపెట్టారు. ఆ నాటకం ఎప్పుడో అయిపోయింది. వేరే నాటకాలు వచ్చాయి, పోయాయి. వీళ్ల తగాదా మాత్రం అయిపోలేదు. అమ్మ తాండూరు వచ్చినప్పుడల్లా, కాళ్లు కడుక్కుని చాయ్ తాగుతుండగానే ఎవరో ఒకరు కదిపేవారు. "చల్ది వెట్టింది గదా?" అని ఈమె. "వెట్టింది. ఆ రాత్రి తను గూడ తినలే, నువ్వది ఇనలేదు," అని ఆమె. "ఇన్న. కడుపుల నొప్పొచ్చి తినలే!" అని ఈమె. నేను పక్కగదిలో పిల్లకు నూనె రాస్తూ వినేదాన్ని. వాళ్లు కొట్లాడుకుంటున్నంతసేపు నా గుండె నిమ్మళంగా ఉండేది. వాళ్ల గొంతులు కాస్త తగ్గితే మాత్రం ఎందుకో లేచి వెళ్లి చూసొచ్చేదాన్ని. ఆ భయం నాకు అలవాటైపోయింది.

అత్తమ్మ నాకు చేసిన మేలు ఆమెకు తెలియదు. తాను గెలవలేకపోయిన తగాదా సంగతి చెప్పింది, అంతే అనుకునేది. ఎన్నిసార్లు చెప్పబోయినా, "నీ ముచ్చట మల్ల, ముందు మీ అమ్మ అన్నది తప్పా కాదా చెప్పు," అనేది. నేను తప్పే అనేదాన్ని. అమ్మ అడిగితే ఒప్పే అనేదాన్ని. ఇద్దరికీ నా మీద కోపమే.

మొన్న మేము తాండూరులో బండి దిగి ఇల్లు చేరేసరికి వాకిలి నిండా జనం. అత్తమ్మను నడిమింట్లో పడుకోబెట్టారు. రేడియో మీద ఎవరో తెల్లగుడ్డ కప్పారు. నాకు అప్పటికీ కన్నీళ్లు రాలేదు. ఏదో పని ఉన్నట్టు పిల్లను ఒకరికి అప్పజెప్పి, గోడవారగా నిలబడ్డాను. అమ్మ నెమ్మదిగా వెళ్లి అత్తమ్మ తల దగ్గర కూర్చుంది. నుదుటి మీద వెంట్రుకలు సర్దింది. తరవాత వంగి, అత్తమ్మ చెవి దగ్గర, తగాదా గొంతు కాకుండా చిన్న గొంతుతో అంది.

"నువ్వన్నదే నిజం వదినె. సుభద్రమ్మ మంచిది గాదు."

అప్పుడు తెలిసింది నాకు, మా అత్తమ్మ పోయిందని. బయట పాడె సిద్ధమైందని ఎవరో కేక వేశారు. ఆడవాళ్లు వచ్చి అమ్మ భుజం తట్టారు. అమ్మ లేవలేదు. జవాబు రావలసి ఉన్నట్టు, చెవి అటే ఒగ్గి, వంగే కూర్చుంది.